పైకి రాలేని చోట: టెక్నికల్ డైవింగ్ టీమ్ కోర్సులో అసలు నేర్పేదేమిటి

బెజవాడలో డైవర్ అంటే మనకు గుర్తొచ్చేది మూడు రకాల మనుషులు. పుష్కరాలప్పుడు ఘాట్ల దగ్గర కాపలా కాసే గజ ఈతగాళ్లు ఒకరు. 2024 సెప్టెంబరు వరదల్లో ప్రకాశం బ్యారేజీ గేట్లకు కొట్టుకొచ్చి ఇరుక్కున్న పడవలను నీళ్లలోకి దిగి కోసినవాళ్లు ఇంకొకరు. అది కమర్షియల్ డైవింగ్, కూలి కోసం చేసే వృత్తి. సెలవుల్లో అండమాన్ వెళ్లి పగడపు దిబ్బలు చూసొచ్చేవాళ్లు మూడో రకం. టెక్నికల్ డైవింగ్ ఈ మూడింటిలో దేనిలోనూ ఇమడదు. పేరు విని నీటి అడుగున వెల్డింగ్ చేయడం అనుకునేవాళ్లున్నారు. ఇంకా లోతుకు దిగి గొప్ప చెప్పుకోవడం అనుకునేవాళ్లు అంతకంటే ఎక్కువ. 1990ల మొదట్లో అమెరికాలో మైకేల్ మెండూనో అనే పత్రికా సంపాదకుడు ఈ పేరును వాడుకలోకి తెచ్చాడు. అప్పటి నుంచీ ఈ అపోహలు దాన్ని వదల్లేదు.

మామూలు వినోద డైవింగ్‌లో ఏ చిక్కు వచ్చినా ఆఖరి మందు ఒకటే: పైకి వచ్చేయడం. లోతు 40 మీటర్లు దాటకుండా, ఒంట్లో నైట్రోజన్ హద్దు మీరేలోపే తిరుగుముఖం పడితే నిమిషానికి 9 మీటర్ల వేగంతో ఎప్పుడైనా నేరుగా బయటికి రావచ్చు. టెక్నికల్ డైవింగ్‌లో ఆ దారి మూసుకుపోతుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక బార్ ఒత్తిడి పెరుగుతుంది. నీటి పైనున్న గాలి ఒత్తిడి ఒక బార్‌తో కలిపి 45 మీటర్ల దగ్గర అది 5.5 బార్. అక్కడ 20 నిమిషాలు గడిపినవాళ్ల రక్తంలో, కండరాల్లో, కొవ్వులో కరిగిన నైట్రోజన్, ఒక్కసారిగా పైకొస్తే గోలీ నొక్కిన సోడాలా బుడగలు కడుతుంది. అందుకే మెట్టుమెట్టుకూ ఆగాలి. ఆ ఆగే చోట్లే స్టాప్‌లు. హాల్డేన్ అనే శరీరశాస్త్రవేత్త 1908లో ప్రచురించిన పట్టికలతో ఈ లెక్క మొదలైంది. ఇప్పటి డైవ్ కంప్యూటర్లలో చాలావాటిలో ఉన్నది, శరీరాన్ని 16 రకాల కణజాలాలుగా ఊహించే బుల్మాన్ నమూనా. లెక్క కంప్యూటర్ చేస్తుంది. కానీ నెత్తి మీద కంటికి కనిపించని ఒక పైకప్పు ఉందన్న సంగతి మాత్రం డైవరే గుర్తుంచుకోవాలి.

కోర్సులో కనిపించే ప్రతి వస్తువూ, ప్రతి కసరత్తూ అక్కడి నుంచే పుట్టాయి. పైకి రాలేం కాబట్టి, చిక్కు ఎక్కడ వచ్చిందో అక్కడే విప్పుకోవాలి.

వీపు మీద మూడు వాల్వులు

ముందు సామాను సంగతి. రెండు 12 లీటర్ల సిలిండర్లను పైన మ్యానిఫోల్డ్ అనే అడ్డగొట్టం కలుపుతుంది. దాని మీద కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, నడుమ ఐసోలేటర్ ఒకటి, మొత్తం మూడు వాల్వులు. కుడి వాల్వు నుంచి నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్‌కూ, తేలడానికి వీపున ఉండే వింగ్ అనే సంచిలోకి గాలి నింపే హోస్‌కూ గ్యాస్ వెళుతుంది. ఎడమ వాల్వు నుంచి గడ్డం కింద రబ్బరు తాడుకు వేలాడే రెండో రెగ్యులేటర్‌కూ, ప్రెషర్ గేజ్‌కూ. నోట్లోది చెడి గ్యాస్ బుసబుసా పోతుంటే కుడి వాల్వు కట్టేసి గడ్డం కింది దాన్ని నోట్లో పెట్టుకుంటే చాలు, రెండు సిలిండర్లలోని గ్యాసూ ఎడమ దారిలో అందుతుంది. మ్యానిఫోల్డ్ దగ్గరే కారుతుంటే ఐసోలేటర్ కట్టేస్తే సగమైనా మిగులుతుంది.

వినడానికి ఇంతే. కానీ ఆ మూడు వాల్వులూ మెడ వెనక ఉంటాయి, కంటికి కనపడవు. దాని కోసమే వాల్వ్ డ్రిల్.

జట్టుకు సైగ చేసి, కుడిచేయి వెనక్కి పోనిచ్చి కుడి వాల్వు కట్టాలి. నోట్లోని రెగ్యులేటర్ నుంచి ఊపిరి బిగుసుకుని ఆగిపోయేదాకా పీల్చాలి; ఆగిపోతేనే నిజంగా కట్టినట్టు. గడ్డం కింది రెగ్యులేటర్‌కు మారి, మొదటిదాన్ని కుడి భుజం రింగుకు తగిలించాలి. వాల్వు మళ్లీ పూర్తిగా తెరిచి, బటన్ నొక్కి గ్యాస్ వస్తోందో లేదో చూసి, దాన్ని తిరిగి నోట్లో పెట్టుకోవాలి. తర్వాత ఐసోలేటర్ కట్టి తెరవాలి. ఆ తర్వాత ఎడమ వాల్వు కట్టి, రెండో రెగ్యులేటర్ బటన్ నొక్కి గ్యాస్ ఆగిందని చూసి, తెరవాలి. ఆఖరున మూడింటి మీదా చేయి వేసి, మూడూ పూర్తిగా తెరిచే ఉన్నాయని సరిచూసుకోవాలి. ఇదంతా బోర్లా పడుకున్నట్టు అడ్డంగా, ఉన్న లోతు నుంచి మీటరు కూడా అటూఇటూ కదలకుండా.

తప్పులు జరిగేది సరిగ్గా ఇక్కడే. చేయి అందకపోతే మొదట భుజాన్ని తిట్టుకుంటారు. చాలాసార్లు భుజానిది తప్పు కాదు. పట్టీలు మరీ బిగించి ఉంటారు, లేదా సిలిండర్లు వాటిని బిగించే వీపు పలక (బ్యాక్‌ప్లేట్) మీద రెండంగుళాలు కిందికి జారి ఉంటాయి. ఎడమచేత్తో సిలిండర్ అడుగు పట్టుకుని పైకి నెడితే వాల్వు దానంతట అదే చేతికి తగులుతుంది. ఇంకో తప్పు, వాల్వు కోసం తల వెనక్కి విరిచేయడం. తల లేస్తే ఛాతీ లేస్తుంది, కాళ్లు దిగుతాయి, మనిషి నిలువవుతాడు, కాళ్లాడిస్తూ తనకు తెలియకుండానే పైకి పోతాడు. శిక్షకుడు చూసేది చేతిని కాదు, అప్పుడు మోకాళ్లు ఎక్కడున్నాయన్నది.

సగం తెరిచిన వాల్వు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పైన పరీక్షించినప్పుడు ఊపిరి హాయిగా వస్తుంది. 40 మీటర్ల కింద గ్యాస్ ఐదింతలు చిక్కబడ్డాక అదే సందులోంచి సరిపడా రాదు. అందుకే పూర్తిగా తెరిచి పావు తిప్పు వెనక్కి తిప్పే పాత అలవాటును ఈ కోర్సుల్లో మాన్పిస్తారు. వాల్వు పూర్తిగా తెరిచైనా ఉండాలి, పూర్తిగా మూసైనా ఉండాలి. ఓడ శిథిలాల్లోలా పైన కప్పు తగిలే చోట ముందుకు ఈదుతుంటే ఎడమ వాల్వు పిడి కప్పుకు రాసుకుని మూసుకునే వైపే తిరుగుతుంది, కుడిది తెరుచుకునే వైపు తిరుగుతుంది. కాబట్టి కప్పుకు తగిలిన ప్రతిసారీ ఎడమ వాల్వు తడిమి చూసుకోవాలి.

అన్నిటికంటే మోసకారి ఐసోలేటర్. డ్రిల్‌లో కట్టి తెరవడం మర్చిపోతే ఏమవుతుందో ఆలోచించండి. డైవర్ పీలుస్తున్నది కుడి సిలిండర్ నుంచి, గేజ్ చూపిస్తున్నది ఎడమ సిలిండర్. పది నిమిషాలైనా ముల్లు 180 బార్ దగ్గరే నిలబడి ఉంటుంది. గ్యాస్ పొదుపుగా వాడుతున్నానని సంతోషించే లోపు కుడిది ఖాళీ అవుతుంది. ముల్లు కదలకపోతే సంబరపడకూడదు, వెంటనే ఐసోలేటర్ మీద చేయి వేయాలి. సిలిండర్లు నింపే చోట కూడా ఇదే చిక్కు: ఐసోలేటర్ మూసి ఉండగా నింపితే కొత్త గ్యాస్ ఒక సిలిండర్‌లోకే వెళుతుంది, రెండింటిలో రెండు వేర్వేరు మిశ్రమాలుంటాయి.

నోట్లోది తీసి ఇవ్వడం

ఊపిరందని తోటివాడికి ఏ రెగ్యులేటర్ ఇవ్వాలి? నోట్లో ఉన్నదే. గాభరా పడ్డవాడి చేయి ఎలాగూ కళ్లముందు పనిచేస్తున్న దాని మీదికే పోతుంది. పైగా ఆ లోతుకు తగిన గ్యాస్ అందులో వస్తోందని ఖాయంగా తెలిసింది దాని గురించే. ఇచ్చినవాడు తల కొంచెం వంచి, గడ్డం కింది రెండోదాన్ని నోట్లో పెట్టుకుంటాడు. ఇచ్చే హోస్ పొడవు 2.1 మీటర్లు. అది కుడి వాల్వు నుంచి వింగ్ పక్కగా నడుము దాకా దిగి, ఛాతీ మీదుగా ఎడమ భుజానికి వెళ్లి, మెడ వెనక తిరిగి కుడివైపు నుంచి నోటికొస్తుంది. అంత పొడవుంటేనే ఇద్దరూ పక్కపక్కన ఈదుతూ, ఇరుకైన చోట ఒకరి వెనక ఒకరుగా కూడా రాగలుగుతారు.

ఎస్ డ్రిల్ అంటే ఇదే. ఇందులో చెడేది దాదాపు ఎప్పుడూ ఒకటే: హోస్ దేనికిందో చిక్కుకుని ఉంటుంది. ఎడమచేతి లైటు తీగ హోస్ మీదుగా వచ్చి ఉండవచ్చు, పక్కన కట్టిన సిలిండర్ క్లిప్పు దాన్ని నొక్కి పట్టి ఉండవచ్చు. అప్పుడు 2.1 మీటర్ల హోస్ అర మీటరుకు మించి రాదు, ఇద్దరి తలలూ ఢీకొంటాయి. ఒంటి మీద అన్నింటికంటే పైపొర ఆ హోస్ కావాలి, దాని మీద ఇంకేదీ ఉండకూడదు. ప్రతి డైవ్‌కు ముందు నీటి పైనే జట్టులోని ముగ్గురూ హోస్‌ను పూర్తిగా చాపి చూసుకోవడం అందుకే. అర నిమిషం పని. చాలామంది రెండో రోజుకే దీన్ని ఎగ్గొట్టడం మొదలుపెడతారు, మంచి శిక్షకులు సరిగ్గా ఆ రోజే ఊపిరందట్లేదన్న సైగ చేస్తారు.

మూడో మనిషి పని

ఈ కోర్సుల్లో జట్టుకు సాధారణంగా ముగ్గురుంటారు. ఒకరికి చిక్కొస్తే, ఒకరు దాన్ని చూస్తారు, మూడో మనిషి ఆ చిక్కును అసలు చూడకూడదు. ఈ ఒక్క విషయం ఒంటికి పట్టడానికే నాలుగైదు రోజులు పడుతుంది. ఒకరి మాస్కులోకి నీళ్లొచ్చాయని సైగ రాగానే ముగ్గురూ ఆ మాస్కునే చూస్తూ ఉండిపోతారు. 40 సెకన్ల తర్వాత కంప్యూటర్ చూసుకుంటే ముగ్గురూ కలిసి 3 మీటర్లు పైకి తేలి ఉంటారు, లేదా దిగిపోయి ఉంటారు. మూడో మనిషి లోతునూ, సమయాన్నీ పట్టుకుని, తన లైటు కాంతిని జట్టు కళ్లముందు నిలిపి ఉంచాలి. మిగతా ఇద్దరికీ ఆ కాంతే నేల.

లైటే మాట కూడా. నెమ్మదిగా గుండ్రంగా తిప్పితే అంతా బాగుంది. నెమ్మదిగా అటూఇటూ ఊపితే ఇటు చూడు. గబగబా ఊపితే ప్రమాదం. మామూలుగా ఈదుతున్నప్పుడే చేయి ఊగిసలాడేవాడు జట్టును రోజంతా ఉలికిపాటుకు గురిచేస్తాడు. నాలుగోసారి ఎవరూ పట్టించుకోరు, నిజంగా అవసరమైనప్పుడు కూడా.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ కోర్సు తప్పేవాళ్లలో ఎక్కువమంది లోతుకు భయపడి తప్పరు. తమ తేలుడు తూకం నిలుపుకోవడానికే బుర్రంతా ఖర్చైపోయి, పక్కవాడిని చూడటానికి ఏమీ మిగలక తప్పుతారు. నీళ్లలో కదలకుండా నిలవడం, కప్పలా కాళ్లాడించడం, వెనక్కి ఈదడం, ఉన్నచోటే తిరగడం లాంటివి ఆలోచన లేకుండా జరిగిపోతేనే జట్టు కనిపిస్తుంది. కొన్ని సంస్థలు 25, 30 డైవ్‌ల అనుభవం చాలంటాయి. అది కాగితం మీది కనీసం. ఆ 30లో ప్రతి దాంట్లోనూ తూకం మీద మనసు పెట్టినవాళ్లకు తప్ప సరిపోదు.

తూకంలో ఒక చిన్న లెక్క. రెండూ కలిపి 24 లీటర్ల సిలిండర్లలో 200 బార్ అంటే 4,800 లీటర్ల గ్యాస్, బరువు దాదాపు 6 కిలోలు. డైవ్ చివరికి అందులో చాలా భాగం పోయి ఉంటుంది, మనిషి నాలుగైదు కిలోలు తేలికవుతాడు. కాబట్టి సీసం బరువు ఎంత కావాలో నిండు సిలిండర్లతో తేల్చకూడదు. సిలిండర్లు దాదాపు ఖాళీ అయ్యాక 3 మీటర్ల దగ్గర వింగ్‌లో గాలి లేకుండా నిలబడగలిగితే అదీ సరైన తూకం.

కాగితం మీది లెక్క

దిగే ముందు కూర్చుని వేసే గ్యాస్ లెక్కను విద్యార్థులు విసుగ్గా చూస్తారు. ఒకసారి వేసి చూపిస్తే విసుగు పోతుంది. లోతు 45 మీటర్లు. 50 శాతం ఆక్సిజన్ ఉన్న సిలిండర్ పక్కన ఉంది, దాన్ని 21 మీటర్ల దగ్గర వాడటం మొదలుపెడతారు. అడుగున ఉండగా చివరి నిమిషంలో ఒకరికి గ్యాస్ పూర్తిగా పోయిందనుకుందాం. ఇద్దరూ ఒకరి సిలిండర్లతోనే 21 మీటర్ల దాకా రావాలి. గాభరాలో ఒక్కొక్కరు నిమిషానికి 30 లీటర్లు పీలుస్తారని పెట్టుకుందాం. అడుగున సర్దుకోవడానికి 2 నిమిషాలు: 2 × 30 × 5.5 × 2, అంటే 660 లీటర్లు. 45 నుంచి 21 దాకా 3 నిమిషాలు, సగటున 33 మీటర్లు, 4.3 బార్: 774 లీటర్లు. గ్యాస్ మార్చుకోవడానికి 21 దగ్గర ఒక నిమిషం, 3.1 బార్: 186. మొత్తం 1,620 లీటర్లు. 24తో భాగిస్తే 67.5, పైకి సర్ది 70 బార్.

ఈ 70 బార్ మీది కాదు, పక్కవాడిది. మీ గేజ్ 70 చూపే సరికి మీరు పైకి బయలుదేరి ఉండాలి, 70 దగ్గర ఆలోచన మొదలుపెట్టడం కాదు. జట్టులో ఎవరి గేజ్ ముందుగా ఆ అంకె చేరితే డైవ్ అక్కడితో ముగిసినట్టే, దాని మీద చర్చ ఉండదు.

దిగే గ్యాస్ ఏదన్నదీ లెక్కే. మామూలు గాలి 45 మీటర్ల దగ్గర లీటరుకు దాదాపు 7 గ్రాములు తూగుతుంది. డైవింగ్ వైద్య నిపుణులు 5.2 గ్రాముల లోపు ఉంచుకోమంటారు, 6.2 దాటొద్దంటారు. అంత చిక్కటి గ్యాస్‌ను ఊపిరితిత్తులు పూర్తిగా బయటికి తోయలేవు. కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, ఆయాసం, భయం, తికమక మొదలవుతాయి. నైట్రోజన్ మత్తు దీనికి తోడు. హీలియం కలిపిన ట్రైమిక్స్ ఖరీదైనా వాడటానికి కారణం ఇదే. ఖర్చు తగ్గించుకోవడానికి గాలితోనే 50 మీటర్లకు దిగమని చెప్పేవారుంటే, ఆ కోర్సు వద్దనే చెబుతాం.

సీసా మీద అంకె

పైకి వచ్చేటప్పుడు గ్యాస్ మార్చుకోవడం ఈ శిక్షణలో అన్నిటికంటే నిదానంగా చేయాల్సిన పని. ఆక్సిజన్ శాతం పెరిగితే నైట్రోజన్ త్వరగా బయటికి పోతుంది. కానీ ఒత్తిడి కింద ఆక్సిజనే విషం. దాని పాక్షిక పీడనం, అంటే మొత్తం ఒత్తిడిలో ఆక్సిజన్ వాటా, స్టాప్‌ల దగ్గర 1.6 బార్ దాటకూడదు. 50 శాతానికి 21 మీటర్లు, శుద్ధ ఆక్సిజన్‌కు 6 మీటర్లు హద్దు అయింది ఆ లెక్కతోనే. 21 మీటర్ల దగ్గర పొరపాటున ఆక్సిజన్ సిలిండర్ నోట్లో పెట్టుకుంటే అది 3.1 బార్. ముందస్తు లక్షణమేదీ లేకుండానే మూర్ఛ రావచ్చు. నోట్లోంచి రెగ్యులేటర్ జారితే ఇక మునిగిపోవడమే.

అందుకే సిలిండర్ మీద గ్యాస్ పేరు కంటే లోతు అంకె పెద్దది: 21, లేదా 6. అరచేయంత అక్షరాల్లో, పక్కవాడికి కూడా కనిపించేలా. జట్టు 21 దగ్గర నిలుస్తుంది. ఒకరు లోతు చూసుకుని, సిలిండర్ మీది అంకె జట్టుకు చూపిస్తారు. రెగ్యులేటర్‌ను పట్టీలోంచి తీసి, వాల్వు తెరుస్తారు. రెగ్యులేటర్ నుంచి హోస్‌ను వేళ్లతో తడుముతూ సిలిండర్ దాకా వెళ్లి, అది అదే సిలిండర్‌కు బిగించిన హోస్ అని రుజువు చేసుకుంటారు. పక్కవాడు అంకెనూ, లోతునూ, హోస్ దారినీ చూసి సరే అన్నాకే నోట్లో పెట్టుకుంటారు. తర్వాతే కంప్యూటర్‌లో గ్యాస్ మార్చడం, పొడవాటి హోస్ సర్దుకోవడం. ఒకరి తర్వాత ఒకరు, ముగ్గురూ అయ్యాకే స్టాప్ సమయం లెక్క మొదలు.

కుడిచేతి అలవాటు మీద నమ్మకంతో తడమడం మానేసేవాళ్లుంటారు. 50 శాతం సిలిండరూ, ఆక్సిజన్ సిలిండరూ రెండూ ఎడమవైపే ఉంటాయి, రెండు రెగ్యులేటర్లూ ఒకేలా ఉంటాయి, 50 శాతం సిలిండర్ వాల్వు తెరిచి ఆక్సిజన్ రెగ్యులేటర్ లాగడం క్షణంలో జరుగుతుంది. వాడని సిలిండర్ల వాల్వులు మూసి ఉంచడం ఇందుకే: తప్పు రెగ్యులేటర్ పెట్టుకుంటే ఒకటి రెండు ఊపిరులకే గ్యాస్ ఆగి, పొరపాటు బయటపడుతుంది.

ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లకు

కృష్ణలో ఈ శిక్షణ కుదరదు. నీటిలో చేయి చాపితే వేళ్లు కనిపించని రోజులే ఎక్కువ. జట్టు ఒకరినొకరు చూడలేని చోట జట్టు పని నేర్పలేరు. సూర్యలంక, మంగినపూడి తీరాల్లో లోతు తక్కువ, ఒండ్రు ఎక్కువ. గుంటూరు చుట్టుపక్కల నీళ్లు నిండిన క్వారీ గుంతల వైపు మాత్రం చూడొద్దు. అడుగున ఏముందో తెలియదు, నిలువు గోడలకు ఎక్కే దారి ఉండదు. కోర్సు కోసం విశాఖో, అండమానో, ఇంకా దూరమో వెళ్లాల్సిందే. కాబట్టి ఖరీదైన ఆ రోజుల్ని ఇంట్లో నేర్చుకోగలిగిన వాటి మీద పోగొట్టుకోవద్దు.

డాబా మీద చాప పరిచి ముగ్గురూ బోర్లా పడుకుని గ్యాస్ మార్పిడి వరసను మాటలు లేకుండా, సైగలతోనే 20 సార్లు చేయండి. బల్ల మీద బోర్లా పడుకుని మోకాళ్లు మడిచి పాదాలతో కప్ప తన్ను సాధన చేయండి; మోకాళ్లు నడుము కంటే కిందికి వేలాడుతుంటే ఎదురుగా ఫోన్ పెట్టి తీసిన వీడియోలో తెలిసిపోతుంది. స్కూబా సామాను పెట్టుకోనిచ్చే ఈతకొలను దొరికితే రెండు మీటర్ల లోతును చిన్నచూపు చూడొద్దు. 39 నుంచి 40 మీటర్లకు దిగితే ఒత్తిడి 2 శాతమే పెరుగుతుంది, ఒకటి నుంచి రెండు మీటర్లకు దిగితే 9 శాతం. తూకం పట్టు తప్పేది పైపైనే, ఆఖరి స్టాప్‌లు ఉండేదీ పైపైనే. కొలను అడుగు నుంచి మూరెడు ఎత్తున పది నిమిషాలు కదలకుండా నిలబడగలిగినవాళ్లకు 6 మీటర్ల స్టాప్ కొత్తగా అనిపించదు.

తిరుగు ప్రయాణం కూడా ప్లాన్‌లో భాగమే. స్టాప్‌లతో కూడిన డైవ్ తర్వాత కనీసం 24 గంటలు విమానం ఎక్కకూడదు; పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) నుంచి గన్నవరం టికెట్టు దీన్ని చూసుకునే తీసుకోవాలి. విశాఖలో డైవ్ చేసి మర్నాటి పొద్దున్నే అరకు వెళదామనుకునేవాళ్లు ఎక్కువ. అరకు ఎత్తు దాదాపు 900 మీటర్లు, అక్కడికి చేరే ఘాట్ రోడ్డు అంతకంటే ఎత్తుకెళుతుంది. ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కట్టడానికి అది చాలు. బెజవాడకు రైలు మైదానంలోనే వస్తుంది కాబట్టి దానితో ఇబ్బంది లేదు. ఇబ్బంది ఎక్కడంటే, భుజం నొప్పిని సిలిండర్లు మోసిన నొప్పేలే అని కొట్టిపారేసి ఆ రైలెక్కేయడంలో. కీళ్ల నొప్పి, తిమ్మిరి, చర్మం మీద మచ్చలు, ఎన్నడూ లేని నీరసం, వీటిలో ఏది కనిపించినా పడుకోబెట్టి వంద శాతం ఆక్సిజన్ ఇచ్చి, డైవింగ్ వైద్యుడితో మాట్లాడాలి. కోర్సుకు డబ్బు కట్టే ముందే ఆ కేంద్రంలో ఆక్సిజన్ కిట్ ఉందో లేదో, సిలిండర్ ఎంత నిండుగా ఉందో, దగ్గర్లో రీకంప్రెషన్ ఛాంబర్ (మళ్లీ ఒత్తిడిలో ఉంచి చికిత్స చేసే గది) ఎక్కడుందో, రాత్రి 2 గంటలకు ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారో అడిగి రాసుకోండి. జట్టులో ముగ్గురి దగ్గరా ఆ కాగితం ఉండాలి.